సర్టిఫికెట్‌లో 1953, ఆధార్‌లో 1955, చీటీలో జయ: నాన్నగారి అసలు వయసెంత, ఆయనది ఏ తరం?

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా రాస్తాను, చదివేవాళ్లకు తెలియాలి కదా. నాన్నగారి స్కూలు సర్టిఫికెట్‌లో 1-7-1953 ఉంది. ఆధార్‌లో 01-01-1955 ఉంది. ట్రంకు పెట్టెలో దొరికిన చీటీలో ‘జయ నామ సంవత్సరం, మాఘ బహుళం’ అని ఉంది. నాయనమ్మేమో తను ‘ప్రమాదో, ప్రమోదో, ఆ ఏడు’ పుట్టానంటోంది. మీరు 1981లో పుట్టారు, మీ అమ్మాయి 2009లో. ఎవరి వయసు ఎంత, బూమర్, మిలీనియల్ అంటున్నారు కదా, వాటిలో ఎవరు ఎక్కడికి వస్తారు అని అడిగారు.

సమాధానం ముందే చెప్పేస్తాను. నాన్నగారు పుట్టింది 1955 ఫిబ్రవరిలో. నాయనమ్మ 1930–31లో. తరాల పేర్ల సంగతి అంత తేలిగ్గా తెగదు, దానికి కాస్త ఓపిక పట్టాలి. నల్లగొండ వైపు హైస్కూళ్లలో హెడ్మాస్టరుగా చేసి, ఏటా జూన్‌లో అడ్మిషన్ రిజిస్టర్ ముందు కూర్చున్నవాణ్ణి కాబట్టి ఈ మూడు తేదీలు ఎలా పుడతాయో నాకు బాగా తెలుసు.

చీటీతో మొదలుపెడదాం. తెలుగు సంవత్సరాలు అరవై. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసి మళ్లీ ప్రభవకే వస్తాయి. ప్రభవ 1927లో వచ్చింది, మళ్లీ 1987లో వచ్చింది. వరుసలో మీ సంవత్సరం ఎన్నోదో చూసుకుని 1926కి గానీ 1986కి గానీ (ఇంకా పాతవాళ్లకైతే 1866కి) కలిపితే సరిపోతుంది. జయ 28వది. 1926కి 28 కలిపితే 1954. ఇక్కడ ఆగిపోయి ‘1954లో పుట్టారు’ అని రాసేసేవాళ్లే ఎక్కువ. జయ అంటే 1954 ఉగాది నుంచి 1955 ఉగాది దాకా. మాఘం పదకొండో నెల, అప్పటికి ఇంగ్లీష్ క్యాలెండర్ మారిపోయి ఉంటుంది. మాఘ బహుళం అంటే ఆ ఏడు ఫిబ్రవరి రెండు, మూడు వారాలు. కనుక 1955. పుష్యం చివర్లో, మాఘ ఫాల్గుణాల్లో పుట్టిన ప్రతివాళ్లకూ ఈ ఒక ఏడాది తేడా గుర్తుపెట్టుకోవాలి. 1980 ఫిబ్రవరి 16న, మాఘ అమావాస్య నాడు, సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. తలుపులేసుకుని ఇళ్లలో కూర్చున్నాం చాలామందిమి. ఆ రోజు పుట్టిన పిల్లలది సిద్ధార్థి. 1980 అనగానే రౌద్రి అని జాతకం వేయిస్తే మొత్తం తప్పుతుంది.

చీటీలో తిథి, వారం స్పష్టంగా ఉంటే పంచాంగకర్త ఎవరైనా తేదీ దాకా తేల్చగలరు. ఒక జాగ్రత్త: మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. మంగళవారం తెల్లవారుజామున మూడింటికి పుట్టిన బిడ్డకు పంతులు సోమవారమనే రాస్తాడు, ఆసుపత్రి మంగళవారం అని రాస్తుంది. ఇద్దరిదీ రైటే. వారం ఒక్కరోజు తేడా వచ్చిందని చీటీని పారేయకండి. తిథి ప్రకారం పుట్టినరోజు, తేదీ ప్రకారం పుట్టినరోజు దాదాపు 19 ఏళ్లకోసారి కలుస్తాయి, అటూ ఇటూ ఒకరోజు. 19, 38, 57 ఏళ్ల పుట్టినరోజుల పాత పంచాంగాలు దొరికితే లెక్క సరిచూసుకోవచ్చు.

ఇంకో అనుమానం తీర్చుకోవాలి. జయకు ముందు ఏడాది పేరు విజయ. నోటిమాటగా విన్నదైతే ఈ రెంటిలో ఏదని గట్టిగా అడిగేవాణ్ణి. మీ దగ్గర రాసిన కాగితం ఉంది, ఆ సిరా రంగు, చేతిరాత చూస్తే అప్పటిదే అనిపిస్తోందని మీరే అన్నారు. నమ్మవచ్చు. పుట్టగానే రాసిన కాగితానికి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఉండదు. అబద్ధం అవసరమయ్యేది బడిలో.

మీరు రాసిన ఒక ముక్క నాకు తాళం చెవిలా పనికొచ్చింది: నాన్నగారిని 1960లో నేరుగా మూడో తరగతిలో చేర్పించారట. ఆ రోజుల్లో పిల్లలు ముందు ఊళ్లో వీధిబడికి పోయేవాళ్లు, మా వైపు ఖాన్గీ బడి అనేవాళ్లం. అక్షరాలు, ఎక్కాలు వచ్చేశాక సర్కారు బడికి తెస్తే, పంతులు నాలుగు ప్రశ్నలడిగి తగిన తరగతిలో కూర్చోబెట్టేవాడు. ఒకటో తరగతికి ఐదేళ్లు నిండాలి, ఆ లెక్కన మూడో తరగతికి ఏడేళ్లు. 1960 జులై 1 నాటికి ఏడేళ్లు నిండాలంటే 1-7-1953 పుట్టి ఉండాలి. అంతే, మీ సర్టిఫికెట్ తేదీ అక్కడ తయారైంది. నిజానికి పిల్లాడికి అప్పుడు ఐదేళ్ల ఐదు నెలలు. చురుకైన పిల్లాడై ఉంటాడు!

అప్పటి రిజిస్టర్లు తిరగేస్తే ఒక తరగతిలో సగంమంది జూన్ ఒకటినో జులై ఒకటినో పుట్టి ఉంటారు. కొందరు పంతుళ్లకు ఆగస్టు 15 ఇష్టం. తల్లిదండ్రులకు తేదీ తెలియదు, కాగితంలో గడి ఖాళీగా ఉండకూడదు. వయసు చూడ్డానికి పరీక్ష ఒకటుండేది: కుడిచేతిని తలమీదుగా పోనిచ్చి ఎడమ చెవిని అందుకోవాలి. నవ్వులాటగా కనిపిస్తుంది గానీ అందులో పస ఉంది. చిన్నపిల్లలకు తల పెద్దది, చెయ్యి పొట్టిది. ఐదారేళ్లు వచ్చేసరికి చెయ్యి సాగి చెవి అందుతుంది. పొడుగు పిల్లలకు ముందే అందేది, బక్కచిక్కిన పిల్లలకు ఆలస్యంగా అందేది. అలా ఒకే ఏడు పుట్టిన ఇద్దరికి కాగితం మీద రెండేళ్ల తేడా వచ్చేది.

ఊరి పటేలు దగ్గర చావుపుట్టుకల పుస్తకం ఉండేది కదా అంటారు. ఉండేది. అందులో బిడ్డ పేరు ఉండదు, ఫలానా వారికి మగబిడ్డ అని మాత్రమే ఉంటుంది. పేరు బారసాలకు పెడతారు, పుస్తకంలో ఎక్కించేవాడు దానికోసం ఆగడు. జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో. అంతకుముందు పుట్టినవాళ్లకు మున్సిపాలిటీ సర్టిఫికెట్ లేకపోవడం మామూలే.

నాన్నగారు దీనివల్ల ఎంత నష్టపోయారో కూడా అడిగారు. అప్పుడు ఉమ్మడి రాష్ట్రంలో రిటైర్మెంట్ వయసు 58. నెల ఒకటో తారీఖున పుట్టినవాళ్లు ముందు నెల ఆఖరి రోజునే దిగిపోవాలి. కాబట్టి 2011 జూన్ 30న దిగారు. అసలు తేదీ రాసి ఉంటే 2013 ఫిబ్రవరి దాకా ఉండేవారు. ఏడాదిన్నర పైచిలుకు జీతం పోయినట్టే. అయితే రెండు ముక్కలు చూడండి. అసలు తేదీ ప్రకారం చదివితే బడిలో ఒకటి రెండేళ్లు వెనక ఉండేవారు, ఉద్యోగంలోనూ అంతే ఆలస్యంగా చేరేవారేమో. పైగా కాగితం మీద పెద్దవారు కాబట్టి వయసును బట్టి ఇచ్చే అదనపు పెన్షన్ ముందే మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 60 ఏళ్లకు పెంచింది 2014లో, తర్వాత 2022లో 62 చేశారు. తెలంగాణలో 61 అయింది 2021లో. ఏ తేదీతో చూసినా ఆయనకు ఆ అదృష్టం దక్కేది కాదు, కనుక దాని గురించి ఇంట్లో బాధపడక్కర్లేదు.

ఇక నాయనమ్మ. నాకు ఇదే ఎక్కువ నచ్చిన లెక్క. ‘ప్రమాదో, ప్రమోదో’ అంటే మూడు సంవత్సరాలు పోటీకొస్తాయి: ప్రమాదీచ 1913, ప్రమోదూత 1930, ప్రమాది 1939. మన అరవై పేర్లలో ఇలాంటి చిక్కులు చాలా ఉన్నాయి. విరోధి ఒకటుంది, విరోధికృత్ వేరే ఉంది. క్రోధి, క్రోధన. శుభకృత్, శోభకృత్. హేవిళంబి, విళంబి. పెద్దవాళ్లు పేరు చెప్పగానే రాసేసుకోకుండా ఇంకో సాక్ష్యం పట్టాలి.

ఆ సాక్ష్యం ఆమె నోటినుంచే వచ్చింది. ‘రజాకార్లప్పుడు మీ పెదనాయిన నా చంకల ఉండె’ అంది కదా. రజాకార్ల గొడవ ముదిరింది 1947–48లో, పోలీసు చర్య ముగిసింది 1948 సెప్టెంబరు 17న. చంకలో పిల్లాడంటే ఏడాది, ఏడాదిన్నర. ఆమె 1939లో పుట్టి ఉంటే అప్పటికి ఆమే తొమ్మిదేళ్ల పిల్ల. 1913 అయితే మీ నాన్నగారు పుట్టేటప్పటికి 41 దాటి ఉండాలి, ఆయన తర్వాత ఇంకో ముగ్గురు పుట్టారన్నారు, అది కుదరదు. మిగిలింది ప్రమోదూత. 1930 ఉగాదికీ 1931 ఉగాదికీ మధ్య. పెద్దకొడుకు పుట్టేసరికి పదహారేళ్లు, ఆనాటి పెళ్లిళ్లకు సరిగ్గా సరిపోయే వయసు.

మీ తాతగారి భూమి కాగితాల్లో ఫసలీ సంవత్సరం (రెవెన్యూ లెక్కల సంవత్సరం) కనిపిస్తే దాన్నీ వాడుకోండి. ఫసలీకి 590 కలిపితే ఆ సంవత్సరం మొదలైన ఇంగ్లీష్ ఏడు వస్తుంది. నిజాం ఇలాకాలో అది అక్టోబరులో ఆజర్ నెలతో మొదలయ్యేది, కోస్తా, సీమ రెవెన్యూ రికార్డుల్లో జులైలో మొదలవుతుంది. 1340 ఫసలీ అంటే 1930 చివర్లో మొదలైనది. తెలంగాణలో భూమి తగాదా ఉన్న ప్రతి ఇంట్లో తెలిసిన ‘ఖాస్రా పహాణీ’ అనే భూమి రికార్డు 1954–55ది. అదీ జయ నామ సంవత్సరమే, మీ నాన్నగారూ అదీ ఒకే ఈడు.

పెద్దవాళ్లను ‘ఎప్పుడు పుట్టావు’ అని అడిగితే తెలియదంటారు, లేదా అరవై, డెబ్బై, డెబ్బై ఐదు అని గుండు లెక్క చెప్తారు. జనాభా లెక్కల్లో కూడా సున్నాతో, ఐదుతో ముగిసే వయసులవాళ్లు అసాధారణంగా ఎక్కువ కనిపించేది ఇందుకే. అలా కాకుండా, ఒక సంఘటన చెప్పి అప్పటికి నువ్వేం చేస్తున్నావని అడగాలి. పెళ్లయిందా? కాపురానికొచ్చావా? పొలం పనికి పోతున్నావా? చంకలో ఎవరు? ఈ ప్రశ్నలకు జవాబులు గుర్తుంటాయి. సంఘటన మాత్రం ఆ ప్రాంతానిదై ఉండాలి. విశాఖ, కాకినాడ వాళ్లకైతే 1942 ఏప్రిల్‌లో జపాన్ బాంబులు. దివిసీమలో 1977 నవంబరు ఉప్పెన. కోనసీమలో 1996 నవంబరు తుపాను. అందరికీ పనికొచ్చేవి కావాలంటే అణాలు పోయి నయాపైసలొచ్చిన 1957, స్కైలాబ్ నెత్తిన పడుతుందని వణికిన 1979 జులై, కరణాలు, పటేళ్లు, పట్వారీల పదవులు రద్దయిన 1984. ఇది కొత్త పద్ధతేం కాదు. 1832–33లో గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చేసిన కరువును నందన కరువని, 1876 నాటి కరువును ధాత కరువని ఆ ఏడాది పేరుతోనే జనం గుర్తుపెట్టుకున్నారు.

వయసు లెక్కలో ఇంకో తిరకాసు: మనవాళ్లు నిండిన ఏళ్లు కాక నడుస్తున్న ఏడు చెప్తారు. ‘డెబ్బై పడ్డాయి’ అంటే చాలాసార్లు అరవై తొమ్మిదే నిండినట్టు. పత్రాల్లో ఎప్పుడూ నిండిన ఏళ్లే. షష్టిపూర్తికి మాత్రం సంవత్సరం పేరు తిరిగి రావాలి. నాన్నగారి జయ 2014–15లో వచ్చింది, మాఘం 2015 ఆరంభంలో. మీరు 2013లో సర్టిఫికెట్ ప్రకారం చేసేశారన్నారు, ఏం ఫరవాలేదు, భోజనాలు బాగానే అయ్యాయి కదా. ఈసారి సహస్ర చంద్ర దర్శనానికి లెక్క సరిగ్గా పట్టండి. వెయ్యి పున్నములకు సుమారు 80 ఏళ్ల 10 నెలలు పడతాయి, అంటే 2035 చివర.

ఇప్పుడు తరాలు. ఇంటర్నెట్‌లో తిరిగే కొలతలు ఇవి: 1946–64 బూమర్లు, 1965–80 జెన్ ఎక్స్, 1981–96 మిలీనియల్స్, 1997–2012 జెన్ జీ. దీని ప్రకారం నాన్నగారు ఏ తేదీతో చూసినా బూమరే. మీరు గీత మీద నిలబడ్డ మిలీనియల్, అమ్మాయి జెన్ జీ. ఆఫీసులో సరదాకి ఇది చాలు. అంతకుమించి దీనితో మనుషుల్ని కొలవబోతే నాకు ఒప్పుదల లేదు.

ఎందుకంటే ఆ గీతలు అమెరికావి. రెండో ప్రపంచ యుద్ధం నుంచి సైనికులు తిరిగొచ్చి ఇళ్లు కట్టుకుని పిల్లల్ని కన్నారు. అక్కడ ఏటా పుట్టే పిల్లల సంఖ్య ఒక్కసారి ఎగిసి, అరవైల మధ్యలో పడిపోయింది. ఆ ఎగిసినప్పటి నుంచి పడిపోయేదాకా పుట్టినవాళ్లు బూమర్లు. మనకు అలాంటి ఎగుడు లేదు. మన దగ్గర కాన్పులు అంతకుముందూ ఎక్కువే. యాభైలనుంచి మారింది చావులు. మశూచి టీకాలు, మలేరియా మందు పిచికారీ, ఏ మూలకైనా రైల్లో వెళ్లే తిండిగింజలు, వీటివల్ల పుట్టిన పిల్లలు దక్కడం మొదలైంది. 1951లో 36 కోట్లున్న దేశ జనాభా 1981కి 68 కోట్లయింది. మీ నాయనమ్మను అడగండి, ఎన్ని కాన్పులు, ఎంతమంది మిగిలారు అని. తర్వాత మీ అమ్మగారిని అడగండి. ఆ రెండు జవాబుల మధ్య ఉన్నదే మన అసలు తరాల గీత. తర్వాతి గీత మీ ఇంట్లోనే ఉంది, ఒక్క కూతురు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక స్త్రీకి సగటు పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8.

కార్ల్ మన్‌హైమ్ అనే, హంగేరీలో పుట్టి జర్మనీలో పనిచేసిన సామాజిక శాస్త్రవేత్త 1928లోనే చెప్పాడు: ఒకే ఏడు పుట్టినంత మాత్రాన ఒక తరం కారు, యవ్వనంలో ఒకే చరిత్రలో కలిసి మునిగితేనే అవుతారు. కాబట్టి పుట్టిన ఏడు కంటే పదిహేను నుంచి పాతికేళ్ల మధ్య ఏం చూశారు, ఎక్కడ చూశారు అని అడగడం మేలు. నాన్నగారిని అలా చూడండి. 1969లో తెలంగాణ ఉద్యమంతో బడులు, కాలేజీలు మూతపడ్డప్పుడు పద్నాలుగేళ్లు. 1972లో జై ఆంధ్ర ఉద్యమం అటు కోస్తాను కుదిపినప్పుడు పదిహేడు. ఎమర్జెన్సీ ఇరవై నుంచి ఇరవై రెండు మధ్యలో. ఇక్కడ తప్పు తేదీ పెద్ద తేడానే చేస్తుంది. సర్టిఫికెట్‌ను నమ్మితే 1969లో ఆయనకు పదహారు, ఊరేగింపుల్లో ముందు నడిచే ఈడు. పద్నాలుగేళ్ల పిల్లాడు వెనకాల పరిగెత్తి ఉంటాడు. ‘నేను పెద్దగా తిరగలేదు, చూశానంతే’ అని ఆయన అంటారని మీరు రాశారు, సరిపోయింది.

మీ విషయం. 1981లో హైదరాబాద్‌లో పుట్టినవాళ్లకూ మండల కేంద్రానికి పది కిలోమీటర్ల ఊళ్లో పుట్టినవాళ్లకూ ఒకే లేబుల్ అతకదు. హైదరాబాద్‌లో టీవీ 1977లోనే ఉంది. మీ ఊళ్లో మీరు టీవీ అంటే పంచాయతీ ఆఫీసు కిటికీలోంచి చూసిందే అన్నారు. తెలుగు ప్రైవేటు చానళ్లు 1995లో వచ్చేసరికి మీరు టెన్త్ దగ్గర్లో ఉన్నారు, హైటెక్ సిటీ 1998లో మొదలయ్యేసరికి ఇంటర్ అయిపోయింది. మీరు ఇంజనీరింగ్ ముగించిన 2002లో అమెరికాలో చాలా సాఫ్ట్‌వేర్ కంపెనీలు దివాళా తీసి ఉన్నాయి. 2001 నుంచి 2003 దాకా ఏటా 1,95,000 ఉన్న హెచ్1బీ వీసాల పరిమితి 2004 లెక్కకు వచ్చేసరికి 65,000కు పడిపోయింది. మీకంటే ఐదారేళ్లు పెద్దయిన మీ బావగారు వై2కే (2000 సంవత్సరపు కంప్యూటర్ల సమస్య) ఊపులో వెళ్లి స్థిరపడిపోయారు, మీరు ఎంఎస్ చేసి ఇబ్బందులు పడి వెనక్కొచ్చారు. ఆయన జెన్ ఎక్స్, మీరు మిలీనియల్ అని ఇంటర్నెట్ అంటుంది. వీసాలు తగ్గకముందు, తగ్గాక అంటే ఇంకా సూటిగా ఉంటుంది.

అమ్మాయి తరానికి గీత గీయాలంటే నేను 2016 సెప్టెంబరు దగ్గర గీస్తాను. జియో రాకతో డేటా చవకైంది, మా పల్లెల్లో పిల్లలకీ పట్నం పిల్లలకీ ఫోన్‌లో కనిపించే ప్రపంచం మొదటిసారి ఒకటైంది. దాని లోపల ఇంకో చిన్న గుంపు ఉంది, 2004–05లో పుట్టి 2020లో పరీక్ష రాయకుండా టెన్త్ పాసైన కరోనా బ్యాచ్. రెండు రాష్ట్రాల్లోనూ ఆ ఏడు పరీక్షలు రద్దయ్యాయి. వాళ్లను ఆ పేరుతో పిలిస్తే చిన్నబుచ్చుకుంటారు గానీ, తమలో తాము అలాగే చెప్పుకుంటారు.

చివరగా ఆధార్. నమోదు చేసేటప్పుడు కాగితం చూపించకుండా వయసు మాత్రమే చెప్తే సంవత్సరం లెక్కేసి జనవరి 1 పడుతుంది. మీ నాన్నగారికి జరిగింది అదే. యాదృచ్ఛికంగా నిజానికి అదే దగ్గరగా ఉంది, నెల పైచిలుకు తేడా అంతే. అయినా దాన్ని అలా వదిలేయొద్దు. పెన్షన్, పాన్, బ్యాంకు అన్నీ 1953 మీద నడుస్తున్నాయి. ఆధార్‌ను స్కూలు సర్టిఫికెట్‌కు సరిపోయేలా 1-7-1953కు మార్పించండి. నిజం వైపు నుంచి చూస్తే ఇది తలకిందులు పనే, కానీ పెన్షనర్‌కు అన్ని కాగితాలూ ఒకటే మాట చెప్పడం ముఖ్యం. పుట్టిన తేదీ మార్చుకునే వీలు మామూలుగా ఒక్కసారే ఇస్తారు కాబట్టి ఒరిజినల్ సర్టిఫికెట్ పట్టుకుని, స్పెల్లింగ్‌తో సహా సరిచూసుకుని వెళ్లండి. సర్వీస్ రిజిస్టర్ తేదీని ఇప్పుడు కదిలించడం గురించి ఎవరైనా సలహా ఇస్తే వినకండి. 1984 నుంచి ఉన్న నిబంధనలు దానికి దారి మూసేశాయి, కోర్టులు కూడా రిటైరయ్యాక వచ్చిన ఇలాంటి అర్జీలను దాదాపు ఒప్పుకోవు. ఇన్సూరెన్స్ వాళ్లు వయసు రుజువు అడిగితే ఆధార్ కాకుండా స్కూలు సర్టిఫికెట్ ఇవ్వండి. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది కూడా.

మీ తమ్ముడికి పోయినేడు డిసెంబరులో పుట్టిన బాబుకు మాత్రం ఈ వెసులుబాట్లేవీ లేవు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడికైనా, పాస్‌పోర్టుకైనా, ఓటుకైనా జనన ధ్రువపత్రం ఒక్కటే ఆధారం. అందులో పేరు చేర్పించారో లేదో ఒకసారి కనుక్కోండి. చాలామంది ‘బేబీ ఆఫ్’ అన్న కాగితంతోనే ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి, బారసాల అయ్యాక ఆ సంగతి మర్చిపోతున్నారు.